నూకరత్నం పిల్లి, నేను, ఆపరేషను

నేను ఒక ఇనుప బోనును. మూడడుగుల పొడుగు, అడుగున్నర ఎత్తు. లోపల చివర్న ఎర పెట్టి ఉంచితే, దానికోసం వచ్చిన జంతువు వెనక తలుపు ధబీమని పడిపోతుంది. అంతకుమించి నాకు ఏ విద్యా రాదు. అయినా కాకినాడలో ఎండుచేపల బజారు వెనక వీధిలో నా గురించి అడిగి చూడండి, నేనేదో పెద్ద డాక్టరునన్నట్టు చెబుతారు.

నన్ను చేసింది జిలానీ అనే వెల్డరు. చేయించుకున్నది కోళ్ళ వీర్రాజు. గుడ్లు ఎత్తుకుపోతున్న ముంగిసని పట్టి తీరాలని ఆయన పట్టుదల. ముంగిస ఒకసారి నా చుట్టూ తిరిగి చూసి, మళ్ళీ నా జోలికి రాలేదు. నాలో పడినవి వరసగా ఆయన పెట్ట, ఆయన పుంజు, చివరికి ఎర సర్దబోయిన ఆయన చెయ్యి. ఆ చేతికి కట్టు కట్టించుకొచ్చిన రోజే నన్ను పాత సామాన్లలో పడేశాడు. గుడ్లు తిన్నది ముంగిస, తలుపు వేసింది నేను, తిట్లు మాత్రం జిలానీకి.

అక్కణ్ణించి నన్ను అడిగి పట్టుకెళ్ళినాయన కృపానందం గారు. పోస్టాఫీసులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాక, ఊరికే కూర్చోలేక వీధి సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ వీధిలో పద్నాలుగు పిల్లులు. గోడల మీద కొట్లాటలు, మెట్ల కింద కాన్పులు, వానలు పడితే కాలవలో చచ్చి తేలే కూనలు. సంఘం వాళ్ళంతా కూర్చుని, పిల్లుల్ని పట్టి వంతెన అవతల వదిలిపెట్టాలని తీర్మానం రాశారు.

ముందుగా దొరికింది ఒక ఎర్ర గండుపిల్లి. నన్ను స్కూటరు వెనక తాడుతో కట్టి, ఆయన వంతెన దాటించి దాన్ని వదిలేశారు. దార్లో స్నేహితుడి ఇంట్లో భోంచేసి, ఓ కునుకు తీసి ఇంటికొచ్చేసరికి అది గేటు మీద కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది. ఉద్యోగమంతా బట్వాడాలు చూసిన మనిషికి, తిరుగుటపా ఇంత తొందరగా రావడం అదే మొదటిసారి.

మర్నాడే ఆయన పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరు షాహీన్ గారు ఆయన చెప్పిందంతా విని, ఈ పద్నాలుగింటినీ తీసుకెళ్ళినా చేపల వాసనకి ఇంకో పద్నాలుగు వస్తాయని చెప్పారు. వీటికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి మళ్ళీ మీ వీధిలోనే వదలమన్నారు, కొత్తవాటిని ఇవే రానివ్వవట. బయట ఒక్కోదానికి వేలల్లో అవుతుంది. ఇక్కడ ప్రతి గురువారం పెట్టే క్యాంపులో రెండొందలు. వంతెన దాకా పెట్రోలు ఖర్చులు తలుచుకుని కృపానందం గారు వెంటనే ఒప్పుకున్నారు.

మూడు నెలల్లో పదమూడు పిల్లులు నాలో ప్రయాణం చేశాయి. పిల్లుల చేత నేను తిన్నన్ని తిట్లు ఏ బోనూ తిని ఉండదు. వెళ్ళినవన్నీ ఎడమ చెవి కొస కత్తిరించుకుని తిరిగొచ్చాయి, మళ్ళీ పట్టకుండా అదొక గుర్తు. పోస్టాఫీసు ముద్ర పడిందంటూ ఆయన కనపడినవాళ్ళకల్లా చూపించారు.

పద్నాలుగోది మాత్రం దొరకలేదు. నలుపూ తెలుపూ కలిసిన ఆడపిల్లి. ఎండుచేపలు అమ్మే నూకరత్నం గంపల చాటున కాపురం. ఆమె దానికి బుల్లెమ్మ అని పేరు పెట్టుకుంది. ఆమె చేత్తో పెడితే తప్ప అది ఇంకెక్కడా ముట్టదు. కృపానందం గారికీ నూకరత్నానికీ మాటల్లేవు, ఆమె కొట్టు వాసన మీద ఆయన మునిసిపాలిటీకి అర్జీ పెట్టినప్పట్నుంచీ. అయినా ఒక పొద్దున్న నన్ను మోసుకెళ్ళి ఆమె కొట్టు ముందు దించారు. వాతావరణం దగ్గర మొదలుపెట్టి, అటు తిరిగి ఇటు తిరిగి, ఆపరేషన్ దగ్గరికి వచ్చారు.

నూకరత్నం రిబ్బన్లలాంటి సావిడాల చేపలు తిరగేస్తూ, తలెత్తకుండానే వద్దంది. ఎందుకని ఆయన అడిగారు.

"రెండో పిల్ల పుట్టాక నన్ను ఇలాగే క్యాంపుకి తీసుకెళ్ళారండి. బడి వరండాలో చాపల మీద వరసగా పడుకోబెట్టారు. మత్తు పూర్తిగా ఎక్కకుండానే కోశారు. సాయంత్రానికి ఆటో ఎక్కించేశారు. నాకు ఇంకో బిడ్డ కావాలో అక్కర్లేదో ఒక్కరు అడగలేదండి."

కృపానందం గారు అక్కడే ఒక బోర్లించిన గంప మీద కూర్చుండిపోయారు. తెచ్చుకున్న వాదనలు ఒక్కటీ బయటికి తియ్యలేదు. "నీకిష్టం లేకపోతే వద్దు రత్నమ్మా" అని మాత్రం అన్నారు. ఆమె టీ తెప్పించింది. అది తాగి, ఆ కంగారులో ఆయన నన్ను అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయారు.

నూకరత్నం నా తలుపు ఊడబీకినంత పనిచేసి, పైకెత్తి తాడుతో కట్టేసింది. నామీద నెత్తళ్ళ గంపలు పేర్చింది. వానలు మొదలయ్యాక బుల్లెమ్మ వచ్చి నా లోపలే ఈనింది. ఐదు కూనలు. ఆ ఏడాదిలో దానికది మూడో కాన్పు. పాలు చాల్లేదు. వారం తిరక్కుండా నాలుగు చచ్చిపోయాయి. ఒక్కోదాన్నీ నూకరత్నం తన చేత్తోనే గోడ పక్కన పూడ్చింది. నాలుగోదాన్ని పూడ్చి వచ్చి, ఎముకలు తేలిన బుల్లెమ్మ వీపు నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

మిగిలిన కూన తనంతట తాను చేపముక్క కొరకడం మొదలుపెట్టాక, ఆమె కృపానందం గారికి కబురు పెట్టింది. గురువారం వస్తానని, డాక్టరమ్మని అడగాల్సినవి ఉన్నాయని.

ఆ గురువారం బుల్లెమ్మ నాలో కూర్చుని ఉంటే, నూకరత్నం ఆటోలో నన్ను ఒళ్ళో పెట్టుకుంది. ఆసుపత్రిలో కొంగు నడుముకి దోపి డాక్టరు ముందు నిలబడింది.

"మత్తు ఎక్కిందో లేదో ఎలా తెలుస్తుందండి?"

"కాలివేళ్ళ మధ్య గిల్లి చూస్తానమ్మా. కాలు లాక్కుంటే కత్తి పట్టుకోను, ఆగుతాను."

"నేల మీద పడుకోబెడతారా?"

షాహీన్ గారు లేచి బీరువా తెరిచి, ఉతికి మడతపెట్టిన దుప్పట్లు చూపించారు. ఈ సాయంత్రమే పంపించేస్తారా అని నూకరత్నం మళ్ళీ అడిగింది. రేపటిదాకా ఇక్కడే ఉంచుతామనీ, మీరూ ఉండొచ్చనీ డాక్టరు చెప్పి, తన కుర్చీని ఆమె వైపు జరిపారు. నూకరత్నం కూర్చోలేదు. నా ఊచల్లోంచి వేలు పెట్టి బుల్లెమ్మ నుదురు తాకింది.

"నిన్ను అడిగితే ఏమంటావో నాకు తెలీదే. నీ పక్కనే ఉంటాను, అంతే."

ఆ రోజు ఆమె కొట్టు మూతపడలేదు. కృపానందం గారు కూర్చున్నారు. వాసన మీద అర్జీ పెట్టిన మనిషి, ముక్కుకి రుమాలైనా కట్టుకోకుండా, ఖరీదైన సావిడాలు చవక నెత్తళ్ళ ధరకి అమ్మేశారు. ఆ రోజు వచ్చినంత బేరం ఆ కొట్టుకి ఎప్పుడూ రాలేదు.

మర్నాడు కొట్టు దగ్గర తలుపు తీయగానే బుల్లెమ్మ వెనక్కి తిరిగి చూడకుండా గోడ దూకి పోయింది. రెండ్రోజులు అయిపూ జాడా లేదు. నూకరత్నం బేరాలు పరధ్యానంగా చేసింది. మూడోనాడు మధ్యాహ్నం అది గంపల మధ్యలోంచి నడిచొచ్చి, తన కూన నెత్తిన ఒక్కటిచ్చి, దాని ముందున్న చేప లాక్కుని తినేసింది. నూకరత్నం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం కృపానందం గారింటికి ఎండుచేపల పొట్లం ఒకటి వెళ్ళింది.

తర్వాత నేను చాలా వీధులు తిరిగాను. ఎక్కడైనా ఎవరైనా వద్దని భీష్మించుకుంటే కృపానందం గారు మాట్లాడరు, నూకరత్నాన్ని పంపిస్తారు. ఆమె ఒప్పించడానికి వెళ్ళదు. వాళ్ళు అడిగిందానికి తెలిసినంత చెబుతుంది, లేకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి అడిగిస్తుంది.

సముద్రపు గాలికి నా ఊచలు తుప్పు పట్టాయి. కొత్త బోను చేస్తూ జిలానీ నా తలుపు ఊడదీసి దానికి బిగించాడు. ఇప్పుడు ఆసుపత్రి వెనక వరండాలో, విరిగిన బల్లల పక్కన పడి ఉన్నాను. మధ్యాహ్నాలు ఏ వీధిదో, చెవి కొస తెగిన పిల్లి ఒకటి వచ్చి నాలో పడుకుంటుంది. ఎరా లేదు, పిలుపూ లేదు. ఎండ తగ్గాక లేచి, ఒళ్ళు విరుచుకుని, తనకి తోచినప్పుడు వెళ్ళిపోతుంది.