పెద్దావిడ మెచ్చిన గోల

ఎడమచెయ్యి భుజం కింద, కుడిచెయ్యి తుంటి కింద పెట్టి, "పెద్దమ్మా, గోడవైపు తిరుగుదామా" అని చెవిలో ఒక మాట వేసి, ఆయమ్మ ఒక్క ఊపులో పెద్దావిడని ఒత్తిగిలబెట్టింది. చెప్పకుండా తిప్పితే మనిషి బిగుసుకుపోయి బరువు రెట్టింపవుతుంది. చెప్పి తిప్పితే సగం పని వాళ్ళే చేసిపెడతారు, కదల్లేనివాళ్ళయినా సరే. ఈ కిటుకు ఎవరూ నేర్పలేదు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళల్లో ఇన్నేళ్ళు నలిగేసరికి అదే వంటబట్టింది. పడకపుండు ఎక్కడైనా మొదలవుతోందేమోనని వీపంతా అరచేత్తో తడిమి చూసింది. తడిగుడ్డతో తుడిచి పౌడరు అద్ది, ముడతలు లేకుండా దుప్పటి లాగి, మోకాళ్ళ మధ్య చిన్న దిండు ఇరికించింది. ముక్కుగొట్టంలోంచి పాలు పోస్తూ, బయట మబ్బు పట్టిందనీ, కింద వాటావాళ్ళ కుక్క ఎవరి చెప్పో ఎత్తుకొచ్చిందనీ కబుర్లు చెప్పింది.

పెద్దావిడ వింటోంది. పక్షవాతం కుడిసగాన్నీ మాటనీ పట్టుకుపోయింది గానీ చెవుల జోలికి రాలేదు. ఎప్పుడైనా "ఊఁ" అంటుంది. మిగతా సంభాషణంతా ఎడమచెయ్యే చేస్తుంది.

"ఆయమ్మా, వెళ్ళొస్తాను. మధ్యాహ్నం ఫోన్ చేస్తా," అంది కూతురు, ఆఫీసు బ్యాగు భుజానికి తగిలించుకుంటూ. తల్లి నుదుటి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. మంచి పిల్ల, తల్లి కోసం చెయ్యాల్సిందంతా చేస్తోంది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి నవ్వింది. "ఆ గోల మాత్రం అమ్మ దగ్గర పెట్టకు. నీకు పుణ్యముంటుంది."

"పెట్టనమ్మా," అంది ఆయమ్మ.

గడియ వేసి, మెట్ల మీద అడుగుల చప్పుడు పోయేదాకా ఆగి, సంచిలోంచి ఫోను తీసింది. పగిలిన అద్దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని, ఎవరో పెద్ద ఆఫీసరుతో మాట్లాడుతున్నంత మర్యాదగా, "ఫిన్లాండు అరుపుల పాటలు," అంది.

మొదలైంది. గోల అంటే అలాంటిలాంటి గోలా! రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు డ్రమ్ములు, ఆ వెనక గిటార్లు, వాటన్నిటినీ తోసుకుంటూ ఒక మగగొంతు. ఏ భాషో, ఏమంటున్నాడో ఆ దేవుడికే తెలియాలి. ఎవరో పీక పట్టుకుని నులుముతున్నట్టు అరుస్తాడు మహానుభావుడు.

ఇదంతా మొదలైంది పోయిన ఎండాకాలంలో. కరెంటు పోయి, ఫ్యాను ఆగి, ఇద్దరూ ఉడికిపోతున్న ఒక మధ్యాహ్నం, కళ్ళకైనా చల్లగా ఉంటుందని ఆయమ్మ ఫోనులో మంచు బొమ్మలు పెట్టి పెద్దావిడ ముఖం ముందు పట్టుకుంది. ఫిన్లాండట. ఎటు చూసినా తెలుపే. గడ్డకట్టిన చెరువు మీద మనుషులు నింపాదిగా నడుస్తున్నారు. చూస్తూ చూస్తూ ఆయమ్మకి కునుకు పట్టింది. ఫోను తనంతట తాను ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోయి, అదే మంచులో జుట్టు విరబోసుకున్న కుర్రాళ్ళ దగ్గర తేలింది. వాళ్ళు ఒక్కసారి గావుకేక పెట్టేసరికి ఆయమ్మ గుండె జారిపోయింది. దడదడలాడుతూ ఆపేసింది.

అప్పుడు పెద్దావిడ ఎడమచెయ్యి మంచం కమ్మీ మీద టపటపా కొట్టింది. భయపడిందేమోననుకుని ఆయమ్మ నీళ్ళతో ముఖం తుడిచింది, ఛాతీ నిమిరింది. ఊహూఁ, కమ్మీ మోగుతూనే ఉంది. ఏమైతే అదవుతుందని మళ్ళీ పెట్టింది. చెయ్యి కుదుటపడింది. చూపుడువేలొక్కటీ లేచి, ఆ డ్రమ్ములతో పాటు కమ్మీ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. మంచాన పడ్డాక ఇన్నాళ్ళకి ఆ ముఖంలో ఏదో కదిలింది. ఆయమ్మ అక్కడే కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజునుంచీ ఇద్దరికీ అదే పని. ఒకరిని వింటే ఫోను ఇంకొకరిని చూపించేది. ఆ చిన్న దేశంలో ఇంతమంది గొంతు చించుకునేవాళ్ళు ఎలా పుట్టుకొచ్చారో ఆయమ్మకి అంతుపట్టలేదు. పేర్లు చదవడం తనవల్ల కాదు, అక్షరాలన్నీ ముళ్ళకంచెలా ఉంటాయి. అందుకని తనే పేర్లు పెట్టుకుంది: ఎద్దుగొంతువాడు, పళ్ళు నూరే అన్నదమ్ములు, శవం లేచినట్టుండేవాడు. నల్లగౌను పిల్ల ఒకతి ఉంది, అరవకుండా కమ్మగా పాడుతుంది. ఆ పిల్ల ఆయమ్మకి ఇష్టం. పెద్దావిడకి మాత్రం పడదు. ఆ పిల్ల పాట వస్తే పెద్దావిడ ఎడమచెయ్యి పిడికిలి బిగించేది. పిడికిలంటే ఆపమని. వేలు లేస్తే బావుందని. ఎవరూ చెప్పుకోకుండానే వాళ్ళిద్దరి మధ్యా అలా స్థిరపడిపోయింది. పాలు వేడెక్కువైనా పిడికిలే, దుప్పటి బరువైనా పిడికిలే.

ఎందుకు నచ్చిందో ఆయమ్మ చాలా ఆలోచించింది. పెద్దావిడ ఉద్యోగమంతా టెలిఫోను ఎక్స్ఛేంజిలో గడిచింది. లైన్లు కలవని జనం తిట్టే తిట్లన్నీ చెవిలో పోయించుకుంటూ, "దయచేసి లైన్లో ఉండండి" అని తేనెలొలికే గొంతుతో చెప్పడమే ఆ ఉద్యోగం. అమ్మ ఒక్కనాడూ గొంతు పెంచి ఎరగదని కూతురు గొప్పగా చెప్పుకుంటుంది. ఇప్పుడు పెంచుదామన్నా ఆ గొంతు లేదు. లోపలున్నదంతా లోపలే ఉండిపోయింది. ఆవిడ అరవాల్సింది ఎద్దుగొంతువాడు అరుస్తున్నాడు. ఆయమ్మకి తట్టింది ఇదే.

తట్టదూ మరి! ఆయమ్మ తనేమన్నా అరిచిన మనిషా? సైకిలు బాగు చేయించుకొస్తానని వెళ్ళిన మొగుడు వేరే ఊళ్ళో సంసారం పెట్టాడని తెలిసిన రోజు, బియ్యం ఏరుతూ ఉంది. ఏరడం పూర్తి చేసి, ఎసట్లో పోసింది. చెల్లెలి ఇంట్లో వెనక వరండాలో పరుపు వేసుకుని ఇన్నేళ్ళుగా ఉంటోంది. "మా వదిన ఇంట్లో ఉన్నట్టే ఉండదండీ" అని మరిది నలుగురిలో మెచ్చుకుంటాడు. పనికి పంపే ఏజెన్సీవాళ్ళు కూడా అదే చెప్తారు: మనిషి ఉన్నట్టే తెలీదండి, కళ్ళు మూసుకుని పెట్టుకోండి. ఆయమ్మ కూడా అది మెప్పే అనుకుంటూ వచ్చింది. ఎద్దుగొంతువాణ్ణి విన్నాక ఓరోజు కూరగాయలు కడిగేటప్పుడు కుళాయి పెద్దగా తిప్పి, ఆ హోరులో ఓసారి "ఆఁ" అని చూసింది. తన గొంతు తనకే నవ్వొచ్చింది.

ఒకరోజు కూతురు తొందరగా ఇంటికొచ్చేసింది. గదిలో శవం లేచినట్టుండేవాడు తారస్థాయిలో ఉన్నాడు. కూతురు చెవులు మూసుకుంది గానీ పాపం, కోప్పడలేదు.

"ఇలాంటివి వింటావా ఆయమ్మా నువ్వు!"

"నాకు కాదమ్మా. పెద్దమ్మగారికే ఇష్టం."

కూతురు పకపకా నవ్వింది. అంత నవ్వు ఆ ఇంట్లో విని చాలా రోజులైంది. "దొరికిపోయి మా అమ్మ మీదికి తోసేస్తున్నావే! నీకు కావాలంటే చెవుల్లో పెట్టుకుని విను, నేనేమీ అనను. అమ్మ తట్టుకోలేదు," అంది. సాయంత్రానికి తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది, మర్నాటికి ఆ కబురు మెట్లన్నీ పాకింది. కింద వాటావిడ ఎదురుపడితే "ఏం ఆయమ్మా, జుట్టెప్పుడు విరబోస్తావు?" అని వేళాకోళం. ఇక ఎవరికి చెప్పి ఏం లాభం? వేలూ, పిడికిలీ అని ఇంకోసారి చెప్పబోతే కూతురు జాలిగా చూసింది. అప్పటినుంచీ తలుపు మూశాకే పాట.

ఈవేళ ఎద్దుగొంతువాడు ఎత్తుకోగానే వేలు లేచింది. నాలుగు దెబ్బలు వేసి, మధ్యలో వాలిపోయింది. ఆయమ్మ ఫోను ఆపి పెద్దావిడ ముఖంలోకి వంగింది. ఊపిరి గబగబా నడిచి ఆగుతోంది, చాలాసేపు ఆగి మళ్ళీ ఉలిక్కిపడి లేస్తోంది. ఆ ఊపిరిని ఆయమ్మ వేరే ఇళ్ళల్లో చూసింది. అరికాళ్ళు ముట్టుకుంది. చల్లబడ్డాయి. వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

కూతురు పరుగున వచ్చింది. వీధి చివర క్లినిక్ డాక్టరుగారు వచ్చి గుండె చూశారు, కనుపాపల్లో లైటు వేసి చూశారు. ఆస్పత్రికి తీసుకెళ్ళి బాధపెట్టొద్దన్నారు. "పక్కనే ఉండండమ్మా. మాట్లాడుతూ ఉండండి. ఇష్టమైన పాటలేమైనా ఉంటే పెట్టండి. చివరిదాకా చెవి వింటుందంటారు," అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయారు.

ఆ మాటకి ఆయమ్మ చెయ్యి సంచివైపు పోయింది. ఇవాళొక్కరోజు తలుపు మూయకుండా, దొంగతనం లేకుండా పెట్టొచ్చు, డాక్టరుగారే చెప్పారు కదా. పెద్దావిడకి ఇంకేం కావాలి ఈ లోకంలో? ఆ గోలొక్కటే.

ఈలోపు కొడుకు వచ్చాడు. ఊరికి అవతలి చివర ఉంటాడు. దారిలో కొన్నాడో, ఇంట్లోదో, చేతిలో నల్లటి గుండ్రటి స్పీకరు. కూతురు ఫోన్లో డాక్టరు మాట చెప్పి ఉంటుంది. "అమ్మకి వేణువంటే ప్రాణం కదక్కా," అని దిండు పక్కన పెట్టి నొక్కాడు. సన్నగా, మెత్తగా, వెన్నలాంటి వేణువు గదంతా పరుచుకుంది. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పెద్దావిడ వేలు లేవలేదు.

ఆయమ్మ తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు? "బాబుగారూ," అంది. ఎవరికీ వినపడలేదు. "బాబుగారూ, ఆవిడకి ఇది కాదండీ... అదే, ఆ ఇంకో రకం పాట..."

కూతురు తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అలసటే ఉంది. "ఆయమ్మా, ఇప్పుడు కూడానా?"

అంతే. ఆ రెండు మాటలకి ఆయమ్మ ఒళ్ళు సగమైపోయింది. క్షమించమ్మా అంది. వాళ్ళ అమ్మ, వాళ్ళ ఇల్లు, వాళ్ళ దుఃఖం. నడుమ తనెవరని?

అప్పుడు పెద్దావిడ ఎడమచెయ్యి కదిలింది. అయిదు వేళ్ళూ మెల్లగా, కష్టపడి ముడుచుకుంటున్నాయి. ఆ పిడికిలి బిగిసేలోపు కొడుకు తన వేలు అందులో పెట్టాడు.

"అక్కా! పట్టుకుంది! అమ్మ నా వేలు పట్టుకుంది, చూడు! వింటోంది!"

"వింటోందిరా! అమ్మా, నీకిష్టమైన వేణువమ్మా," అని కూతురు మంచం మీదికి వాలిపోయింది. కొడుకు సౌండు ఇంకాస్త పెంచాడు. పిడికిలి ఇంకాస్త బిగిసింది. వాడు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, ఆ చేతిని బుగ్గకేసి రుద్దుకుంటున్నాడు.

ఆయమ్మ నోరు తెరిచింది. ఈసారి మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపండి, ఆవిడ ఆపమంటోంది. ఆ ఒక్క ముక్క అంటే చాలు. వాడి ముఖం చూసింది. అమ్మ చివరిసారి నా వేలు పట్టుకుందని వాడు బతికినన్నాళ్ళూ చెప్పుకుంటాడు. దాన్ని ఊడలాక్కోవడానికి చేతులెలా వస్తాయి? అలాగని అక్కడ మంచం మీద ఆ మనిషి ఆపండి ఆపండి అని అరుస్తుంటే ఎలా ఊరుకుంటావు? ఎటూ తోచలేదు. నోరు మూసుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మంచం కాళ్ళవైపు వెళ్ళి కింద కూర్చుంది. కాళ్ళు వెచ్చబరుస్తానంటే ఎవరూ కాదనలేదు. దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి ఎడమపాదం పట్టుకుంది, స్పర్శ ఉన్న పాదం. దాని మీద బొటనవేలితో కొట్టడం మొదలుపెట్టింది. ఎద్దుగొంతువాడి డ్రమ్ములు. మొదట నింపాదిగా రెండు, తర్వాత దడదడలాడుతూ ఒక పరుగు, వాడు పీక చించుకునే చోట గట్టిగా ఒక్కటి. పాటంతా తనకి కంఠతా వచ్చునని అప్పుడే తెలిసింది. పైన వేణువు సాగుతోంది. కింద ఆయమ్మ వేలు ఆడుతోంది. ఆ చల్లటి పాదానికి తెలిసిందో లేదో, పిడికిలి మాత్రం వదల్లేదు.

ఊపిరి ఒకసారి ఆగింది. మళ్ళీ లేస్తుందని అందరూ చూశారు. లేవలేదు.

కొడుకు వేలు ఆ గుప్పిట్లోనే ఉండిపోయింది. ఆయమ్మే వచ్చి, "పెద్దమ్మా, వదులుదామా" అని చెవిలో చెప్పి, ఒక్కో వేలూ విప్పింది. కొడుకు ఎర్రగా కమిలిన తన వేలు చూసుకుంటూ, "ఎంత గట్టిగా పట్టుకుందో చూశావా ఆయమ్మా. వెళ్ళలేక వెళ్ళింది," అన్నాడు.

"అవును బాబూ," అంది ఆయమ్మ.

కూతురు ఆయమ్మని కావిలించుకుంది. ఇన్నాళ్ళూ అమ్మని నీ చేతుల్లో పెట్టి ధైర్యంగా ఉన్నానంది. ఆయమ్మ ఆ పిల్ల వీపు నిమిరింది. తర్వాత పెద్దావిడకి చివరిసారి ఒళ్ళు తుడిచి, ముక్కుగొట్టం తీసి, తల దువ్వి, ఉతికిన బట్టలు కట్టింది. మనుషులు వచ్చారు, పోయారు. బండి వచ్చింది. అందరూ దాని వెంట మెట్లు దిగారు. గది సర్ది తాళంచెవి కింద వాటావిడకి ఇచ్చి వెళ్ళమని కూతురు చెప్పింది.

ఆయమ్మ దుప్పటి తీసి మడతపెట్టింది. మందుసీసాలు ఒకచోట చేర్చి కిటికీ తెరిచింది. ఎవరూ లేరు. గట్టిగా ఒక్క కేక పెట్టినా అడిగేవాళ్ళు లేరు. నోరు తెరిచి నిలబడింది. ఏమీ రాలేదు. సంచి తీసుకుని గుమ్మం దాకా నడిచి, వెనక్కి చూసింది. వేణువు ఇంకా మోగుతూనే ఉంది. మంచం దగ్గరికొచ్చి ఆపుదామని చెయ్యి చాచింది గానీ వాళ్ళ వస్తువు, ముట్టుకోవచ్చో లేదో తేల్చుకోలేక వెనక్కి తీసుకుంది. ఖాళీ మంచం మీద, దిండు పక్కన, నల్లటి స్పీకరు నీలం దీపం మినుకుమనిపిస్తూ, అదే వేణువుని మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది.