ఆకుపచ్చ గీత

నేను ఒక తెల్లబోర్డుని. మార్కరుతో రాసి గుడ్డతో తుడిచేసే రకం. నన్ను తయారుచేసినప్పుడు మేస్త్రీ కుడివైపు కింది మూలకి పాలిష్ కాస్త ఎక్కువ పట్టించాడు. ఆ మూల తళతళా మెరిసేది. అదే నా అందమనుకుని తెగ మురిసిపోయాను. బుద్ధిలేనిదాన్ని.

ఒక టెలిఫోన్ కంపెనీ నన్ను కొని మీటింగ్ గదిలో బిగించింది. అక్కడ ల్యాండ్‌లైన్, సెల్‌ఫోన్, ఇంటర్నెట్ మూడూ వేరు కుంపట్లు. మూడింటికీ కలిపి ఒకే నమూనా గీయాలని పదిమంది నా ముందు చేరారు. ఆరు వారాలు గీశారు, చెరిపారు, కేకలేసుకున్నారు. కలపడం గురించి మాట్లాడుతూనే మూడు జట్లుగా కూర్చునేవారు.

చివరి రోజున మెహరున్నీసా లేచింది. ఇరవై ఏళ్లు ల్యాండ్‌లైన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి.

"సెల్‌ఫోన్ ఎక్కడుందో టవర్ చెబుతుంది సార్. ల్యాండ్‌లైన్ ఎక్కడుందో ఎక్స్ఛేంజికే తెలుసు. ల్యాండ్‌లైన్ నుంచి వచ్చే అంబులెన్స్ కాల్‌కి ఈ దారి విడిగా ఉండాల్సిందే" అంటూ ఆకుపచ్చ మార్కరుతో గట్టిగా ఒత్తి గీత గీసింది. చోటు లేక, ఆ మెరిసే మూలలోనే గీసింది.

అందరూ సరేనన్నారు. వాళ్లకో అలవాటుంది. మీటింగ్ అయ్యాక నన్ను ఫోటో తీస్తారు, ఫోటోలో ఉన్నదే నిర్ణయం. పెద్ద ఇంజనీరు పరాంకుశం ఫోన్ ఎత్తాడు. ఫ్లాష్ వెలుగు నా మూల మీద పడి భగ్గుమంది. ఫోటోలో గీత ఆ వెలుగులో కలిసిపోయింది. తర్వాత నన్ను తుడిచేశారు.

ఆ ఫోటో చూసి కట్టిన కొత్త వ్యవస్థ మొదలైన నాలుగో రోజున ఒక కొండ ఊళ్లో ఓ పెద్దాయనకి గుండెనొప్పి వచ్చింది. భార్య ల్యాండ్‌లైన్ నుంచి అంబులెన్స్‌కి పదకొండుసార్లు చేసిందట. ఒక్కసారీ కలవలేదు. ఆయన పోయాడు.

విచారణ నా గదిలోనే జరిగింది. ఆ ఫోటోని ప్రొజెక్టరుతో నా మీదే వేశారు.

"మీ గీత ఎక్కడమ్మా?" అని విచారణాధికారి అడిగాడు.

"ఇక్కడే గీశాను సార్." ఆమె వేలు తెల్లటి వెలుగు మీద ఆగింది. పరాంకుశం తల దించుకున్నాడు.

నిజానికి గీత పూర్తిగా పోలేదు. గట్టిగా ఒత్తి గీసింది, మెరిసే మూలలో మళ్లీ ఎవరూ రాయలేదు కాబట్టి తుడిచినా సన్నటి మరక మిగిలే ఉంది. ప్రొజెక్టరు ఆపితే కనిపించేది. నాకు నోరు లేదు. ఆమె ఆ వెలుగునే చాలాసేపు చూసి, "గీశాననుకున్నానేమో సార్. పొరపాటు నాదే" అని కాగితం మీద సంతకం పెట్టింది.

మిగతా అందరూ వెళ్లారు. పరాంకుశం ప్రొజెక్టరు ఆపి నా వైపు తిరిగాడు. మరక కనిపించింది. మెహరున్నీసా ఇంకా వరండాలోనే ఉంది, చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. అతను తలుపు వైపు చూశాడు. తర్వాత బొటనవేలు నోట్లో తడిచేసుకుని నా మూల మీద రుద్దాడు.

ఆ మరకని కాసేపు పట్టుకుని ఉండాల్సింది నేను. ఒక్క రుద్దుకే వదిలేశాను.