లోహితకు వీసా ఇచ్చారు

లోహితకు రెండుచోట్ల సీటు వచ్చింది. ఒకటి ఢిల్లీలో, ఒకటి వాషింగ్టన్‌లో. రెండూ అంతర్జాతీయ సంబంధాల ఎమ్మేనే. ఆమె మనసు ఢిల్లీ మీద ఉంది. తిరుపతి రైల్వే స్టేషన్ ఎదుట లాడ్జి నడిపే వాళ్ల నాయన మునికుమార్‌ది మాత్రం ఒకటే మాట.

“అంతర్జాతీయం సదవాలంటే బయటి దేశానికి పోవాల గానీ, ఈడుండి ఏం సదువుతావు పాపా?”

లాడ్జిలో దిగిన ప్రతి యాత్రికుడికీ గది తాళంతోపాటు కూతురి అమెరికా కబురూ అందుతోంది. దేశాల మధ్య రాజీ ఎలా కుదర్చాలో చదవబోయే పిల్ల, ఇంట్లో నోరు విప్పలేక భారమంతా వీసా ఆఫీసరు మీద వేసింది. అతను కాదంటే నాయన అతణ్ణి తిట్టుకుంటాడు, తన పని సులువవుతుంది.

చెన్నైలో ఇంటర్వ్యూ. అద్దం వెనక ఆఫీసరు అడిగాడు: “ఈ చదువు మీ దేశంలో లేదా?”

“ఎందుకు లేదు? ఢిల్లీలో సీటు కూడా వచ్చింది. నేను చదవాలనుకున్నది లంక, నేపాల్‌ల గురించి. వాటికి మీ ఊరికన్నా ఢిల్లీయే దగ్గర.”

“చదువయ్యాక మా దేశంలో ఉండిపోతారా?”

“ఒక్కరోజు కూడా ఉండను.”

తిరిగొస్తామని ఒట్లు వేసేవాళ్లను చూసి చూసి విసిగిపోయిన మనిషికి ఈ మాట నమ్మబుద్ధేసింది. నవ్వి, వీసా ఇస్తున్నామన్నాడు.

బయట ఎండలో కాచుకున్న మునికుమార్ కూతురి వాడిన మొహం చూసి, “పోనీలే పాపా” అన్నాడు.

“వచ్చింది నాయనా.”

అతను రోడ్డు మీదే బంధువులందరికీ ఫోన్లు చేశాడు.

తిరుగు బస్సు నగరి దాటాక లోహిత ఇక ఆగలేకపోయింది. “నాయనా, నేను ఢిల్లీకే పోతా. ఆ ఆఫీసరుకూ అదే సెప్పినా. వీసా ఇయ్యరులే అనుకొని నీకు సెప్పలేదు.”

మునికుమార్ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

“ముక్కూ మొహం తెలీని వానికి ఉన్నదున్నట్టు సెప్పినావే, నాకు సెప్పలేకపోతివా?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “బయమేసింది నాయనా.”

అతను ఏదో అనబోతుండగా ఫోను మోగింది. చంద్రగిరి నుంచి బావమరిది జయరావు, అభినందించడానికి. మునికుమార్ కూతురివైపు ఒకసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

“ఆ, ఇచ్చినారప్పా. మా పాపే వద్దనేసింది. అమెరికావోళ్లు రమ్మంటే రానన్నోళ్లు మన తిరపతిలో ఎవరన్నా ఉండారా, సెప్పు?”

రేణిగుంట చేరేలోపు కండక్టరుకూ, ముందు సీటువాళ్లకూ ఆ సంగతి తెలిసిపోయింది. చెప్పిన ప్రతిసారీ అమెరికా ఇంకాస్త బతిమాలుతోంది. లోహిత కాదనలేదు.