ఆగి ఆగి ఆడే ఆట

రోజూ పొద్దున తాండూరు పోయే రైలుబండిలో మా తమ్ముడు మల్లేశ్వర్ కిటికీ పక్కన కూర్చుంటాడు. నేను ఎదురు సీట్లో. రెండేళ్లుగా మా మధ్య మాటల్లేవు. నాయిన పోయిన నెలకే, నన్ను అడగకుండా గొర్రెల మందను అమ్మేశాడు. చదువుకున్నవాడు కదా, అన్నీ తెలుసు. ఆ మంద వెంట తిరగడానికే నేను ఏడో తరగతిలో బడి మానేశాను. ఇప్పుడు బండలకు పాలిష్ పడుతున్నాను. వాడు సిమెంటు కంపెనీ ఆఫీసులో ఫ్యాను కింద. అయినా వాడు ఎక్కిన డబ్బాలోనే ఎక్కుతాను. ఒక్కసారి 'అన్నా' అని పిలుస్తాడేమోనని.

ఆ సోమవారం వాడి ఫోన్లో అమెరికా ఫుట్‌బాల్ వస్తోంది. అక్కడ రాత్రి ఆట, మనకు పొద్దున. పేరుకే ఫుట్‌బాల్, బంతిని చంకలో పెట్టుకుని ఉరుకుతారు. నాలుగడుగులు వేయగానే మీద పడతారు, ఈల వేస్తారు, అంతా ఆగిపోతుంది. మళ్లీ గుంపుగా చేరి గుసగుసలు. మధ్యలో ప్రకటనలు. మన ఫుట్‌బాల్ అట్లా కాదు. మొదలైతే సగం ఆటయ్యేదాకా తల తిప్పనివ్వదు. గోల్ పడకపోయినా, పడుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూస్తాం.

నాతో పనిచేసే జంగప్ప ఫోన్లోకి తొంగి చూశాడు.

"మల్లేశూ, గీల్లు ఆడేదెంత, నిలబడేదెంత? మా మేస్త్రి చూస్తే అందరి కూలి కోస్తడు."

"ఆగుడే మంచిది జంగప్ప మామా. జర మాట్లాడుకోవచ్చు." వాడు తల ఎత్తకుండానే అన్నాడు. "గీ ఆటైతే గొర్లు కాసుకుంట చూడొచ్చు. గంతే గద, అన్నా?"

రెండేళ్లకు వాడు నన్ను 'అన్నా' అన్నాడు. చిన్నప్పుడు వికారాబాద్ మైదానంలో ఫుట్‌బాల్ టోర్నమెంటు పెడితే, ఇద్దరం మందను వదిలేసి గీత పక్కన నిలబడేవాళ్లం. ఒకసారి గొర్రెలన్నీ ఎవరిదో శనగ చేలో పడ్డాయి. నాయిన కర్రతో వస్తే వాడి దెబ్బలు కూడా నేనే తిన్నాను. వాడు నా వెనక దాక్కుని, "ఎవరు గెలిచిండ్రే?" అని అడిగాడు.

యాదికుందారా, అందామనుకున్నాను. నోట్లోంచి వేరేది వచ్చింది.

"కాయనీకి గొర్లు ఏడున్నయి?"

జంగప్ప బయటికి చూడసాగాడు. మల్లేశ్వర్ ముఖం మాడిపోయింది. ఏదో అనబోయాడు. అంతలో ఫోన్లో ఆట మళ్లీ మొదలైంది. వాడు కళ్లు ఫోన్లోకి దించుకున్నాడు.

ఎవడైనా పడితే బాగుండు, ఈల వేస్తే బాగుండు, ఆట ఆగితే వాడు అనబోయిన మాట అంటాడని నేను కాచుకుని కూర్చున్నాను. అప్పుడే ఒకడు బంతితో దూసుకుపోయాడు. ఎవరికీ చిక్కడం లేదు.

"ఉరుకు బిడ్డా, ఉరుకు," అంటున్నాడు జంగప్ప.

నేను లేచి తమ్ముడి పక్కకు పోయాను. మల్లేశ్వర్ కొంచెం జరిగి చోటిచ్చాడు.

"వాన్ని ఎవడన్న పట్టుండ్రిరా," అన్నాను.