అఫ్సా లాగిన్

"టీ నువ్వే పట్రామ్మా. డెమో గణేష్ చూపిస్తాడు" అన్నాడు గంగాధర్.

బెంజ్ సర్కిల్ దగ్గర మేడ మీదున్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి ఆయనే యజమాని. అఫ్సా కప్పులు కడగసాగింది. చేపల వ్యాపారి పోలరాజు గారి డేటాబేస్‌ని కొత్త లినక్స్ సర్వర్‌తో కలిపింది తనే. డేటా ఎక్కడుందో, ఏ డ్రైవర్‌తో అందుకోవాలో ఒక ఫైల్లో రాసి, దానికో పేరు పెట్టాలి. ఆ ఫైలు అందరికీ పనిచేయాలంటే సర్వర్ మొత్తం మీద అధికారమిచ్చే రూట్ పాస్‌వర్డ్ కావాలి. గంగాధర్ దాన్ని తోటి ఉద్యోగి గణేష్‌కిచ్చాడు, తనకివ్వలేదు. "పెళ్ళయిన పిల్లవి, రేపు మానేస్తే?" అన్నాడు. అందుకే తన ఒక్కదాని లాగిన్‌కే పనిచేసేలా సొంత ఫోల్డర్లోనే రాసుకుంది. పొద్దున్నే అందరికీ రొట్టెలు కాల్చి, భర్త జాకీర్ చొక్కా ఇస్త్రీ చేసి, బస్సులో నిలబడి వచ్చి చేసిన పని. "ఫ్యాను కింద కూర్చోవడం కూడా పనేనా?" అని అత్తగారు నవ్వే పని.

డెమో చూడ్డానికొచ్చిన పోలరాజు ముందు గణేష్ తన లాగిన్‌తో తెరిచాడు. ఆ పేరుతో డేటా సోర్స్ లేదంది స్క్రీను. మళ్ళీ కొట్టినా అదే మాట.

గంగాధర్ లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. "నీ పాస్‌వర్డ్ వాడికి చెప్పు, తొందరగా."

అడిగినవన్నీ ఇచ్చేయడం ఎంత అలవాటయిందంటే, మొదటి అక్షరం కోసం ఆమె పెదవులు అప్పుడే కదిలాయి. దానికి ఆమెకే సిగ్గేసింది. వెంటనే కోపమొచ్చింది.

"ఇవ్వను సార్. నేనే కూర్చుంటాను. మీరొచ్చి రూట్ పాస్‌వర్డ్ కొట్టండి."

"కస్టమర్ ముందు ఏంటిది?"

"ఆయన ఎదురుచూస్తున్నారండీ."

గంగాధర్ కొట్టక తప్పలేదు. అఫ్సా తను రాసుకున్న వివరాలన్నీ అందరికీ పనిచేసే ఫైల్లోకి మార్చి, గణేష్ లాగిన్‌తోనే తెరిచింది. పోలరాజు చేపల లోడ్లన్నీ వరసగా తెర మీదకొచ్చాయి.

"భలే! ఎవరండీ చేసింది?" అన్నాడు పోలరాజు.

"మా టీమంతా కలిసి..." అంటున్నాడు గంగాధర్.

"నేనండీ. నా పేరు అఫ్సా."

సాయంత్రం బయల్దేరే ముందు ఆమె అదే కుర్చీలో కూర్చుని ఇంకో పని కూడా చేసింది.

చీకటి పడుతుండగా జాకీర్ నెట్ సెంటర్ నుంచి చిరాగ్గా వచ్చాడు. "నీ మెయిల్ తెరుచుకోవట్లేదేంటి?"

పెళ్ళయిన కొత్తలో, "మొగుడికి తెలీని మాటలేముంటాయి?" అని అతనంటే మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చేసింది. అప్పట్నుంచీ ఆమెకొచ్చిన ప్రతి మెయిలూ ముందు అతనే చదువుతున్నాడు.

"పాస్‌వర్డ్ మార్చాను" అంది అఫ్సా, పిండి తడుపుతూ.

"సరే, కొత్తది చెప్పు."

ఆమె తలెత్తి అతని కళ్ళలోకి చూసింది.

"నాకు తెలుసు. చాలు."