దిగని అద్దాలు

నేను ఒక కారుని. నవ్వకండి. చక్రాలు లేకపోతే ఏం, ఇంజను లేకపోతే ఏం? పళ్లూడిన ముసలాయన్ని మనిషి కాదంటామా? ఆత్రేయపురం వెళ్లే రోడ్డు మీద, కాలవ వంతెన దాటగానే ఎడమచేతి వైపు, నాలుగు ఇటుక దిమ్మెల మీద కూర్చుని కనిపించేదాన్ని నేనే. నిగనిగలాడే పెద్ద కార్లు కూడా నా ముందు ఆగుతాయి. ఎందుకు ఆగుతాయో చెబుతాను గానీ, మొదట్నుంచీ చెబుతాను. తొందరున్నవాళ్లు వెళ్లిపోవచ్చు.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిలో, పెద్ద ఫ్యాక్టరీలో. ఆ కంపెనీ పేరు మాత్రం అడక్కండి. ఇప్పుడు నన్ను చూస్తే వాళ్ల పరువు పోతుంది. అప్పట్లో నేను మీగడ రంగులో ముద్దుగా ఉండేదాన్ని. రాజమండ్రిలో ఒక పిల్లల డాక్టరుగారు కొన్నారు. ఆయన నన్ను తన పేషెంట్ల కంటే ఎక్కువ జాగ్రత్తగా చూసుకున్నాడు. చెప్పులు విప్పితే గానీ బావమరిదిని కూడా ఎక్కనిచ్చేవాడు కాదు. ఇంతా చేసి, కొంచెం పొడుగైన కారు ఒకటి కనబడగానే నన్ను ఒక లారీ బ్రోకరుకి అమ్మేశాడు. మనుషుల ప్రేమ ఇలాగే ఉంటుంది లెండి. ఆ బ్రోకరు చెప్పులు విప్పకపోగా కిళ్లీ నమిలి నా తలుపు మీదే ఉమ్మేవాడు. అతని చేతిలో నా ఒళ్లు హూనమైపోయాక, నన్ను గుత్తుల వెంకట్రాయుడు కొనుక్కున్నాడు.

వెంకట్రాయుడిది రైసుమిల్లులో కాటా వేసే ఉద్యోగం. కానీ తాను పుట్టుకతోనే ఇంజనీరునని, చదువే తనకు అన్యాయం చేసిందని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకమంతా తెచ్చి నా ఒంటి మీద తీర్చుకున్నాడు. మెకానిక్కు దగ్గరికి వెళ్లడమంటే అతనికి పరాయివాడి చేత అన్నం తినిపించుకున్నంత చిన్నతనం. "మనింట్లో లేని సామానా?" అని నేరుగా వంటింట్లోకి నడిచేవాడు.

రేడియేటరు కారితే గుప్పెడు పసుపు పోశాడు. కారడం ఆగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి! కాకపోతే అప్పట్నుంచి వేడెక్కినప్పుడల్లా నా మూతి లోంచి పచ్చటి ఆవిరి, పప్పు పొంగిన వాసన. పెట్రోలు ట్యాంకుకి చిల్లి పడితే బట్టల సబ్బు మెత్తాడు. ఫ్యాను బెల్టు తెగితే పెళ్లాం కుట్టుమిషను బెల్టు తెచ్చి తగిలించాడు. అది ఊరి పొలిమేర దాటకుండానే తెగింది. అప్పుడు ఆవిడ పాత చీర చింపి తాడు పేనాడు. డ్రైవరు సీటు విరిగితే ప్లాస్టిక్ కుర్చీకి కాళ్లు కోసి బిగించాడు. మలుపు తిరిగినప్పుడల్లా అది కిర్రుమంటే, "సస్పెన్షను పనిచేస్తంది" అని పక్కవాళ్లకు చెప్పేవాడు.

అన్నిటికంటే ఘనకార్యం అద్దాలు. నా అద్దాలు నాలుగూ అప్పటికే పట్టు తప్పిపోయాయి. గోతిలో పడితే చాలు, నాలుగూ ఒక్కసారే గభాల్న తలుపుల్లోకి జారిపోయేవి. ఒక వానాకాలం అలా జారిపోతే వెంకట్రాయుడి భార్య పల్లాలమ్మ నిలువునా తడిసి ఇంటికి చేరింది. మర్నాడే అతను అద్దాలన్నీ పైకి లాగి, సందుల్లో చెక్కముక్కలు దిగ్గొట్టి, చుట్టూ రాయిలా గట్టిపడే ఎం-సీల్ ముద్ద మెత్తేశాడు. తలుపుల అంచులకు పాత సైకిలు ట్యూబులు కోసి అంటించాడు. "ఇంక చుక్క నీరు దూరితే ఒట్టు" అన్నాడు. నిజంగానే నీరు దూరలేదు. గాలి కూడా దూరలేదు. ఊపిరాడక డాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను ఒకటి బిగించాడు. ఎవరైనా దారి అడిగితే కారాపి, తలుపు తీసుకుని, దిగి చెప్పాల్సి వచ్చేది. లోపల ఉక్క, బయట ఆవిరి. ఊళ్లో కుర్రాళ్లు నాకు 'కుక్కరు' అని పేరు పెట్టారు. నాకు ఎంత అవమానమో మీరే ఆలోచించండి.

ఇక పల్లాలమ్మ సంగతి. ఆవిడ పూతరేకులు చేస్తుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. ఆవిడ లాగిన రేకు లోంచి అవతలి మనిషి ముఖం కనిపిస్తుంది. దానికి నెయ్యి రాసి, బెల్లం చల్లి, మడిచి చుట్టాలి. ఆ చుట్టే పనికి గాలే శత్రువు. రేకు బరువెంతని, ఊపిరి తగిలితే లేచిపోతుంది. అందుకే పల్లాలమ్మ చుట్టడానికి కూర్చుంటే ఆ ఇంట్లో ఫ్యాను తిరగదు, కిటికీ తెరవరు, పిల్లలు పరిగెత్తరు. గట్టిగా తుమ్మినవాడికి ఆ పూట అన్నం ఉండదు.

ఇంత పనీ చేసి ఆవిడ రేకులన్నీ ఒక మిఠాయి కొట్టుకి వేసేది. అట్టపెట్టె మీద కొట్టువాడి పేరు, కొట్టువాడి ఫోటో, కొట్టువాడి నవ్వు. పల్లాలమ్మ అనే మనిషి ఉందని తిన్నవాళ్లకు తెలియదు. అలాంటిది ఒకరోజు గోదారి అవతలి గట్టు నుంచి జగ్గరాజుగారు వాకబు చేసుకుంటూ నేరుగా ఇంటికే వచ్చారు. మేనకోడలి పెళ్లి ఆయనే చేస్తున్నారు. "పంక్తిలో ఆకు మీద పడే ముందు అప్పటికప్పుడు చుట్టాలమ్మా. నెయ్యి వాసన గుప్పుమనాలి. చేస్తావా?" అన్నారు.

"ఆయ్, చేస్తానండి" అంది పల్లాలమ్మ. ఆవిడ పేరు మీద వచ్చిన మొట్టమొదటి పని అది. ఆ సాయంత్రం ఆవిడ ఊరికే ఇల్లంతా రెండుసార్లు ఊడ్చింది, సంతోషం ఎక్కువై.

రేకులు ఇంట్లో తీసుకుని, చుట్టడం పెళ్లిలో అని ఒప్పందం. మరి రేకులు ఎలా వెళ్లాలి? వెంకట్రాయుడు ఛాతీ విరుచుకున్నాడు. నా వెనక సీటు పీకేసి చెక్క పరిచాడు. నా పైకప్పుకి రెండు కొక్కేలు బిగించి, చీరతో ఉయ్యాల కట్టి, అందులో రేకుల డబ్బా పెట్టాడు. "కుదుపు ఉయ్యాలకి గానీ రేకులకి కాదు. చూడు పల్లాలూ!"

పల్లాలమ్మ చూసింది. నన్ను కూడా చూసింది, ఎగాదిగా. "ఇదిగో, చెప్తన్నాను ఇనండి. నా రేకులు చిట్లాయనుకోండి, నా పని చెడిందనుకోండి, రేపు పొద్దున్నే పాత ఇనపసామాన్లవాడొచ్చి దీన్ని ముక్కలు చేసుకుని పట్టుకెళ్తాడు. ఆడితో మాటాడేశాను కూడాను."

నాకు ప్రాణం గుటుక్కుమన్నంత పనైంది. వెంకట్రాయుడు వెళ్లి ఉయ్యాల ముడులు ఇంకోసారి బిగించాడు.

ఆ రోజు నడిచినట్టు నేను జన్మలో నడవలేదు. గొయ్యి కనబడితే వెంకట్రాయుడు దిగి, లోతు చూసి, వచ్చి మరీ నడిపాడు. వంతెన దగ్గర పోలీసు ఆపి, అద్దం లోంచి ఉయ్యాల చూసి, తలుపు తీయించి, గొంతు తగ్గించి, "బాబా, పాపా?" అన్నాడు. "రేకులండీ" అంది పల్లాలమ్మ ముఖం చిట్లించి. అదేం పేరో అర్థంకాక ఆ పోలీసు చేత్తో దీవించి పంపేశాడు.

పెళ్లి దగ్గర దిగి డబ్బా మూత తీస్తే ఒక్క రేకూ చిట్లలేదు. నేను ఒక నిట్టూర్పు విడిచాను. పచ్చటి ఆవిరి వచ్చింది గానీ ఎవరూ పట్టించుకోలేదు.

కానీ అసలు గండం అక్కడే కాచుక్కూర్చుంది. పెళ్లి గోదారి ఒడ్డున కొబ్బరితోటలో. గోడలున్న గది ఒక్కటే ఉంటే అందులో పెళ్లికూతురు ముస్తాబవుతోంది. మిగతాదంతా షామియానాలు, వాటి కింద మనిషెత్తు ఫ్యాన్లు, వాటికి తోడు ఏటి గాలి. పల్లాలమ్మ బియ్యం బస్తాల వెనక కూర్చుని మొదటి రేకు పరిచింది. అది లేచి సన్నాయి వాయించే ఆయన నోట్లోకి పోయింది. బల్ల కిందకి దూరి, చుట్టూ దుప్పట్లు కట్టించి మళ్లీ పరిచింది. దుప్పటి అటు తెరిచేవాడొకడు, ఇటు తెరిచేవాడొకడు. ఈసారి లేచిన రేకు వెళ్లి సాక్షాత్తూ జగ్గరాజుగారి మీసానికి అంటుకుంది. ఆయన దాన్ని తీసి నోట్లో వేసుకున్నారు గానీ నవ్వలేదు.

"ఏవమ్మా, పంక్తి వేసేస్తన్నారు. ఆకులో తీపి లేకుండా మా వియ్యాలవారిని కూర్చోబెట్టమంటావా? నీవల్ల కాదంటే ఇప్పుడే చెప్పెయ్. కొట్టుకి మనిషిని పంపిస్తాను."

కొట్టంటే ఏ కొట్టో పల్లాలమ్మకి తెలుసు. కొట్టువాడి నవ్వున్న పెట్టెలు వస్తాయి. అందులో రేకులూ ఆవిడ లాగినవే అయి ఉంటాయి. ఆవిడ డబ్బా పట్టుకుని నా దగ్గరికొచ్చి, నా తలుపుకి వీపు ఆనించి కూర్చుండిపోయింది.

"నా చేతి తీపి తినని ఊరు లేదండీ ఈ చుట్టుపక్కల. నా పేరు ఒక్కరికీ తెలీదు. ఇయ్యాల తెలుస్తాదనుకున్నాను" అని ఏడ్చింది.

ఆవిడ కన్నీళ్లు నా తుప్పు మీద పడ్డాయి. మర్నాడు నన్ను ముక్కలు చేయించబోయే మనిషే అయినా, నాకు ఆవిడ మీద జాలేసింది. ప్రతిదానికీ ఏదో ఒక మరమ్మతు చెప్పే వెంకట్రాయుడికి ఆ క్షణాన ఏమీ తోచలేదు. "ఎండలో ఎందుకే, లోపల కూర్చో" అని మాత్రం అన్నాడు. తలుపు తీసి, ఆవిడని ఎక్కించి, డబ్బా అందించి, అలవాటు కొద్దీ తలుపు వేసేశాడు. తనూ ముందు ఎక్కి ఫ్యాను వేశాడు.

పల్లాలమ్మ పమిటకి ఒక రేకు అంటుకుని ఉంది. కళ్లు తుడుచుకోబోతే అది జారి చెక్క మీద పడింది. ఫ్యాను గాలికి కొద్దిగా వణికింది. ఆవిడ దానికేసే చూస్తూ ఉండిపోయింది.

"ఏవండీ, ఆ ఫ్యాను ఆపండి."

ఫ్యాను ఆగింది. రేకు కదల్లేదు. బయట కొబ్బరాకులు ఊగిపోతున్నాయి, షామియానా గుడ్డ టపటపా కొట్టుకుంటోంది, లోపల ఆ రేకు మాత్రం అలా పడుకునే ఉంది. పల్లాలమ్మ నా దిగని అద్దాలు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"మీరు దిగండి. నెయ్యి గిన్నె, బెల్లం పళ్లెం పట్రండి. తలుపు నేను తీయమంటే తప్ప తీయకండి!"

ఇక చూడండి ఆవిడ చేతులు! పరచడం, రాయడం, చల్లడం, చుట్టడం. లోపల వేడికి నేనే ఉడికిపోతున్నాను, ఆవిడ సంగతి చెప్పాలా? వెంకట్రాయుడు గోదారి నీళ్లు బిందెలతో మోసి నా నెత్తిన పోశాడు, తడి గోనెలు కప్పాడు. పళ్లెం నిండగానే ఆవిడ బయటికొచ్చి, రెండు గుక్కల మజ్జిగ తాగి, ముఖం కడుక్కుని మళ్లీ లోపలికి. ఆకులు పరుస్తుండగానే మొదటి పళ్లెం పంక్తిలోకి వెళ్లింది. నెయ్యి వాసన గుప్పుమంది. వియ్యాలవారు రెండోసారి అడిగారని కబురొచ్చింది, మూడోసారి అడిగారని మళ్లీ కబురొచ్చింది.

జగ్గరాజుగారు చూద్దామని వచ్చారు. గోనెలు కప్పుకుని, చెమటలు కక్కుతున్న నన్నూ, అద్దం వెనక వంగి పనిచేస్తున్న పల్లాలమ్మనూ చూసి ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. వెళ్లి మైకు అందుకున్నారు. "పూతరేకులు ఎవరివని అందరూ అడుగుతున్నారండీ. ఆత్రేయపురం గుత్తుల పల్లాలమ్మ గారివండీ, ఆయ్!" తోటంతా ఆ పేరు మోగింది. లోపల పల్లాలమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ రేకు పరిచింది.

తిరుగు ప్రయాణంలో మా ఊరి కాలవ వంతెన దాటగానే నా ఇంజను ఆగిపోయింది. చీర తాడు తెగిందో, సబ్బు కరిగిందో, పసుపు అయిపోయిందో, మొత్తానికి ఆగిపోయింది. ఈసారి వెంకట్రాయుడు తెలిసిన వైద్యాలన్నీ చేసినా లేవలేదు. మర్నాడు పొద్దున్నే పాత ఇనపసామాన్లవాడు సుత్తితో సహా వచ్చి నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకుందామనుకున్నాను. హెడ్‌లైట్లకు ఆ సౌకర్యం లేదు.

పల్లాలమ్మ వాడికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఇంజను పట్టుకుపో. చక్రాలు పట్టుకుపో. అద్దాల జోలికొచ్చావో, చేతులు ఇరగ్గొడతాను."

అదండీ సంగతి. ఇప్పుడు నా తలుపు మీద 'పల్లాలమ్మ పూతరేకులు' అని ఎర్రరంగుతో రాసి ఉంది. పైన తాటాకు పందిరి, దాని మీద తడి గోనెలు. ఆవిడ లోపల కూర్చుని చుడుతుంది, పెద్ద కార్లవాళ్లు దిగి చేతులు కట్టుకుని బయట నిలబడతారు. కుక్కరు అన్న కుర్రాళ్లు కూడా కొనుక్కుని తింటున్నారు.

వెంకట్రాయుడికే పాపం చేతులు ఊరుకోవు. మొన్నామధ్య పల్లాలమ్మ పుట్టింటికి వెళ్లి వచ్చేసరికి, కాలవ వైపు అద్దాన్ని విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి, మళ్లీ బిగించాడు. ఏం బిగించాడండీ! తిప్పితే దిగింది, తిప్పితే ఎక్కింది, మధ్యలో ఆపితే ఆగింది. నాకు జరిగిన మరమ్మతులన్నిటిలో సరిగ్గా కుదిరింది అదొక్కటే. ఆవిడ రేకుల దొంతర ముందు పెట్టుకుని పనిలో ఉండగా వచ్చి, రోడ్డు వైపు తలుపు తీసి లోపలికి వంగి, "చూడు పల్లాలూ!" అని గర్వంగా హ్యాండిల్ తిప్పాడు.

కాలవ గాలి రివ్వున వచ్చింది. దొంతరంతా ఒక్కసారి లేచింది. తెరిచి ఉన్న తలుపు లోంచి రోడ్డు మీదకి, అక్కణ్నుంచి పొలాల మీదకి, తెల్లగా వరసకట్టి వెళ్లిపోయింది. వెంకట్రాయుడు హ్యాండిల్ పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. ఇవాళ ఇతని పని అయిపోయిందనుకున్నాను. పల్లాలమ్మ అతని ముఖం చూసింది, ఎగిరిపోతున్న రేకులు చూసింది, పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, పమిటతో కళ్లు తుడుచుకుని, "ఎళ్లి ఎం-సీల్ పట్రండి" అంది.

సాయంత్రానికల్లా అద్దం మళ్లీ బిగుసుకుపోయింది. ఇప్పుడు నేను నిక్షేపంలా చెడిపోయి ఉన్నాను.