చేప పడని చోటు

ఆ శుక్రవారంలోగా నర్సు గున్వర్ చెయ్యాల్సిన పనులు మూడు: రక్తనాళాల ముక్కలు దాచిన ఫ్రీజరు ఖాళీ చెయ్యడం, ఆఖరి రోగికి ఫలితం చెప్పడం, పరిశోధనలో ఏ నంబరు ఏ మనిషిదో రాసుకున్న కాగితాన్ని నాశనం చెయ్యడం.

కాలిలో మూసుకుపోయిన నాళానికి బదులు రోగి సొంత సిరనే కుట్టి, దాని చుట్టూ సన్నటి వలతొడుగు వేస్తే ఎక్కువకాలం నిలుస్తుందేమోనని బెర్గెన్ ఆసుపత్రిలో ఆరేళ్ళు పరిశోధించారు. తొడుగు వేసినా వెయ్యకపోయినా ఒకటేనని తేలడంతో ఇప్పుడు ముగించేస్తున్నారు.

ఆఖరి రోగి ఓడ్లైవ్ ముసలి జాలరి. తొడుగు వేసిన సిర మూసుకుపోయి, కుడికాలు మోకాలి కింద తీసేశారు. వెనక వచ్చేవాళ్ళకైనా పనికొస్తుందిలే అని ఆ రోజు తనే డాక్టర్లకు ధైర్యం చెప్పాడు.

"ఏమ్మా, నా కాలు ఏం తేల్చింది?" గున్వర్ ఇచ్చిన కాఫీ తాగుతూ అడిగాడు.

"తొడుగు వల్ల లాభం లేదండీ."

"పోనీ, ఆ సంగతైనా తెలిసింది కదా."

గున్వర్ అబద్ధం చెప్పలేకపోయింది. "డెన్మార్క్‌లో మనకంటే ముందే తెలిసిందట. ఫలితం బాగాలేదని అచ్చు వెయ్యకుండా అరలో పెట్టేశారు."

ఓడ్లైవ్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "చేప పడకపోతే రేవుకి రాగానే చెప్పేవాళ్ళం, అక్కడ వల వెయ్యకండిరా అని. ఇంత చదివినోళ్ళకి ఆ మాత్రం నోరు లేదా? మరి మనదైనా అచ్చేస్తారా?"

"రెండు వైద్య పత్రికలు వద్దన్నాయి. పెద్ద డాక్టరు ఇక పంపనన్నారు."

ఆయన టాక్సీ వచ్చేదాకా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం గున్వర్ ఆ కాగితాన్ని చింపే యంత్రంలో పెట్టింది. నియమం అది. ముప్పై ఒకటో నంబరు పక్కనున్న పేరు ఇక ఎక్కడా లేదు. ఆయన పేరు ఓడ్లైవ్ ట్వైటెన్. దయచేసి గుర్తుపెట్టుకోండి.